యుద్ధం సినిమాలో కాళీ

సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. తెర కింద రెండు వరసల్లో వచ్చిపోయే అక్షరాలు ఉంటాయే, అవి. బాగా రాస్తే ఎవరికీ గుర్తుండదు. తప్పు పడితే మాత్రం ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు. సీతాఫల్‌మండిలో మూడో అంతస్తు మాది. ముందు గదిలో నాయిన, వెనక గదిలో నేనూ నా కంప్యూటరూ. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే ఆయన టీవీ నాకు వినబడదు, నా సినిమాలు ఆయనకు వినబడవు. ఇద్దరికీ సుఖం.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఏదో అందుకోబోయి హెడ్‌ఫోన్ వైరు లాగేశాను. గదంతా ఒక్కసారిగా ఫిరంగుల మోత. ఆ వెనకే సైనికుల బాకా. నేను కంగారుగా సౌండ్ తగ్గించేలోపు నాయిన లుంగీ ఎగ్గట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చేశాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయాడు.

"ఆపకు బిడ్డా, ఆపకు. గిది నా సినిమానే!"

నిజంగానే ఆయన సినిమా. ఎప్పటిదో నలుపు తెలుపు ఇంగ్లీషు యుద్ధం బొమ్మ. ఒక ఆన్‌లైన్ కంపెనీ పాత సినిమాలన్నీ శుభ్రం చేయించి మళ్ళీ పెడుతూ, దీన్ని నాకు పంపింది. నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో సికింద్రాబాద్‌లోని హాల్లో దీన్ని ఏడుసార్లు చూశాడట. ఆయనకు ఇంగ్లీషు రాదు. స్పానర్, బోల్టు, ఓవర్‌టైమ్ దాటితే అంతా చీకటే. అయినా ఏడుసార్లు చూడగలిగాడంటే దానికి కారణం ఆయన దోస్తు.

ఆ దోస్తును నేను అంకుల్ అంటాను. ఆయనవాళ్ళు గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవులు. తండ్రి రైల్వే ఆఫీసులో గుమాస్తా. నాయినా, అంకులూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. తర్వాత నాయిన సుత్తి పట్టుకున్నాడు, అంకుల్ డిగ్రీ చదివి ఇంగ్లీషు మాస్టారు అయ్యాడు. ఆదివారం పొద్దున ఇంగ్లీషు సినిమా ఆట ఉండేది. అంకుల్ చర్చికి వెళ్తున్నానని బైబిలు చంకన పెట్టుకుని బయల్దేరి, హాలు దగ్గర నాయినను కలిసేవాడు. హాల్లో పక్కన కూర్చుని, తెర మీద ఎవరేం మాట్లాడినా వెంటనే నాయిన చెవిలో తెలుగులో చెప్పేవాడు. కాసేపటికి ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి, "భాయ్, జెర గట్టిగ చెప్పు, మాకు సుత ఇనవడాలె" అనేవారట. అలా ఆ రెండు వరసలకూ అంకులే సబ్‌టైటిల్.

ఆ సినిమా అప్పటిదాకా నేను చూడలేదుగానీ కథ మాత్రం కంఠతా వచ్చు. చిన్నప్పుడు మా ఇంట్లో వానాకాలం ఆదివారాలు అదే ఆట. నాయిన కెప్టెన్. అన్నయ్య శత్రుసైన్యం మొత్తం. నేను కాళీని. కాళీ అంటే ఆ పటాలంలో కంచరగాడిదల మీద సామాను తోలే మనదేశపు మనిషి. దిండ్లన్నీ నా వీపు మీద కట్టేవాళ్ళు. వాటిని మోసుకుంటూ, పరిచిన దుప్పటి అనే నదిని దాటాలి. నడి ఏట్లోకి వచ్చేసరికి తుపాకులు మోగుతాయి. అప్పుడు నాయిన మంచమెక్కి, చెయ్యి చాచి అరిచేవాడు.

"కాళీ! తమ్మీ! గాడిదలు పోతె పోనియ్! నువ్వు ముందు ఒడ్డుకు రా!"

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు పొంగిపోయేది. దిండ్లన్నీ విసిరేసి మంచం మీదకు దూకేదాన్ని. నాయిన నన్ను గాల్లో పట్టుకునేవాడు. అమ్మ వంటింట్లోంచి, "కాళీ ఒడ్డుకొచ్చిందా? ఇక తినడానికి రండి" అనేది. అవతలి ఒడ్డు చేరిన కాళీ ఇంటికి ఉత్తరం రాసి క్షేమంగా ఉన్నానని చెబుతాడు. అక్కడితో ఆట అయిపోతుంది.

అందుకని ఈ పని నా చేతికి వచ్చినందుకు చాలా సంబరపడ్డాను. పని మొదలుపెట్టిన రెండో రోజుకే ఆ సంబరం పోయింది.

ఆ సినిమాలో కాళీ లేడు. గాడిదలు తోలే మనిషి ఉన్నాడు. బక్కగా, పెద్ద కళ్ళతో, తలపాగాతో, ఎవరో మంచి నటుడే. కానీ అతనికి పేరే లేదు. కెప్టెన్ అతన్ని పిలిచే మాట ఒక్కటే: కూలీ. ఏయ్ కూలీ, ఇటు రా. కూలీ, నోర్ముయ్. ఈ కూలీగాళ్ళంతా ఇంతే, దొంగలు. పక్కనున్న సిపాయిలు పళ్ళికిలిస్తారు. సినిమా కూడా మనల్ని నవ్వమనే చెబుతోందని వెనక వచ్చే సంగీతం వింటే తెలుస్తుంది. ఇక నది దగ్గర కెప్టెన్ అరిచే మాట విని నేను సినిమా ఆపేశాను. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.

"కూలీని వదిలెయ్యండి! ముందు కంచరగాడిదల్ని పట్టుకోండి!"

గాడిదలు ఒడ్డెక్కాయి. మనిషి ఆ తర్వాత ఒక్క ఫ్రేములోనూ లేడు. చివరిదాకా వెతికాను. గుంపులో, గుడారాల్లో, ఆఖరి కవాతులో. పోయాడో బతికాడో చెప్పాలని కూడా ఆ సినిమా తీసినవాళ్ళకు తోచలేదు.

నాయిన తప్పుగా విన్నాడేమో అనుకున్నాను. పాత హాలు, పాత స్పీకర్లు, ఆ దొరల ఉచ్చారణ. కూలీ కాస్తా కాళీగా వినబడి ఉంటుంది. కానీ "గాడిదలు పోతే పోనీ" ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ వారమే కంపెనీ నుంచి ఫోన్. నా పని చూసుకునే అమ్మాయి చాలా మర్యాదస్తురాలు.

"మేడమ్, ఆ వర్డ్ ఉంది కదా, అది వద్దండి. ఇప్పుడు వ్యూయర్స్ చాలా సెన్సిటివ్. కంప్లైంట్స్ వస్తున్నాయి. మీరు 'సహాయకుడు' అని పెట్టేయండి, సరిపోతుంది."

"సహాయకుణ్ణి వదిలెయ్యండి, ముందు కంచరగాడిదల్ని పట్టుకోండి అని రాయమంటారా?"

"కొంచెం ఆడ్‌గా ఉంది కానీ... సేఫ్ మేడమ్."

ఆమెను తప్పుపట్టడానికి నాకేమీ హక్కు లేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇంకో యుద్ధం సినిమాకు నేనే సబ్‌టైటిల్స్ రాశాను. అందులో కాలు పోయిన సిపాయిని తోటివాళ్ళు ఏదో ముద్దుపేరుతో పిలుస్తారు. నేను ప్రతి చోటా "కుంటోడు" అని రాసి పంపాను. పంచ్ బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఒక్కరూ ఇదేమిటని అడగలేదు, నాకూ అనిపించలేదు. మొన్నీమధ్య అది ఎక్కడో వస్తుంటే చూసి, సిగ్గేసి, టీవీ ఆపేశాను. కాబట్టి పట్టింపు పెరగడం మంచిదే అంటాను. కానీ తిట్టిన నోరు కడిగి, తిట్టు తిన్నవాడి ముందు ఏమీ జరగనట్టు నిలబడటం నాకు మింగుడు పడలేదు.

ఎందుకు మింగుడు పడలేదో దాచడం దేనికి? మా తాత సికింద్రాబాద్ స్టేషన్‌లో కూలీ. ఎర్ర చొక్కా, చేతికి ఇత్తడి బిళ్ళ, నెత్తి మీద గుడ్డ చుట్ట. ఇప్పుడు వాళ్ళను సహాయక్‌లు అంటున్నారు. మా తాత కాలంలో కూలీయే.

నాయిన మాత్రం రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "అయిందా? ఇంకెన్ని దినాలు? మీ అంకుల్‌కు ఫోన్ చేసిన. ఇద్దరం కలిసి చూస్తం. గీసారి వాని తర్జుమా అక్కర్లేదు నాకు, నా బిడ్డ రాసింది సదువుకుంట."

ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. శనివారం మధ్యాహ్నం అంకుల్ కాప్రా నుంచి బస్సులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బేకరీ పొట్లం. కంప్యూటర్‌ను టీవీకి కలిపాను. అంకుల్ కుర్చీలో సర్దుకుంటూ, "అమ్మాయ్, సబ్‌టైటిల్స్ ఉన్నాయా దీనికి?" అన్నాడు.

"ఉన్నాయి అంకుల్, నేనే రాశాను."

"అన్నీ రాశావా?"

"అన్నీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

సినిమా మొదలై పది నిమిషాలు కాకముందే కెప్టెన్ మొదటిసారి పిలిచాడు. నాయిన అక్షరాలు కూడబలుక్కుని చదివి నా వైపు తిరిగాడు.

"తప్పు రాసినవ్ బిడ్డా. కూలీ కాదు, కాళీ. వాని పేరు కాళీ."

ఇంకో రెండు నిమిషాలకు మళ్ళీ వచ్చింది.

"ఏందే, గిక్కడ సుత తప్పే! దిద్దుకో, లేకుంటె మంది నవ్వుతరు."

"నాయినా, ఇందులో కాళీ అని ఎవరూ లేరు. అతనికి పేరు పెట్టలేదు వాళ్ళు."

నాయిన మెల్లగా అంకుల్ వైపు చూశాడు. అంకుల్ చాయ్ కప్పులోకి చూస్తున్నాడు. కప్పులో చాయ్ అయిపోయి చాలాసేపయింది.

"అమ్మాయ్, కాసేపు ఆపమ్మా, ఇంకో చాయ్ తాగుదాం" అన్నాడు అంకుల్.

"ఆపొద్దు" అన్నాడు నాయిన.

నది వచ్చింది. కెప్టెన్ చెయ్యి చాచాడు. నాయిన పెదాలు వాటంతటవే కదిలాయి, అరవై ఏళ్ళ నాటి మాట పలకడానికి. కింద అక్షరాలు వచ్చాయి. చదివాడు. నేను ఆపేశాను, ఇంక నాకే చూడబుద్ధి కాలేదు.

"గిదేనా వాడు అన్నది?" నాయిన అడిగింది నన్ను కాదు.

"అదే" అన్నాడు అంకుల్.

"నువ్వు నాకు ఏం చెప్పినవ్‌రా? గాడిదలు పోతె పోనియ్ అన్నడని చెప్పినవ్. తమ్మీ అన్నడని చెప్పినవ్. ఏడుసార్లు ఈలేసిన నేను గా కెప్టెన్‌కు! ఏడుసార్లు!"

"తెలుసురా. పక్కనే ఉన్నాగా."

"మరెందుకు అబద్ధం చెప్పినవ్?"

అంకుల్ పిల్లలకు నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. మాటకు తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు తడుముకుంటూనే మొదలుపెట్టాడు.

"మొదటి ఆదివారం మనం వెళ్ళినప్పుడు దారిలో నువ్వు చెప్పావు, గుర్తుందా? మీ నాన్నకు మోసి మోసి భుజం వాచిపోయింది, రెండు రోజులుగా లేవలేక పడుకున్నాడని. డాక్టరు దగ్గరికి రమ్మంటే రానంటున్నాడని. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నావు. నీ మనసు మళ్ళించడానికే సినిమాకు తీసుకెళ్ళాను. తీరా అక్కడ కూర్చుంటే ఆ వెధవ ఆ మాట అన్నాడు, హాలంతా నవ్వింది. నువ్వు నా వైపు తిరిగి, 'ఏమన్నడురా?' అన్నావు. ఏం చెప్పమంటావు? నోటికి కాళీ అని వచ్చింది, అనేశాను. చివర్లో ఎవరో ఉత్తరం చదువుతుంటే, అది కాళీ రాసిందేనని కూడా చెప్పాను."

"మరి తర్వాత ఆరుసార్లు?"

"ఒకసారి అన్నాక ఎలా మారుస్తానురా? రెండోవారం ముందు వరసవాళ్ళు 'కాళీ, కాళీ' అని ఈలలు మొదలెట్టారు! మూడోవారం వాళ్ళ దోస్తులను కూడా తీసుకొచ్చారు!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. నాయిన ముఖం చూస్తే అది నవ్వే సమయం కాదు. ఆయన లేచి, చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు. అంకుల్ కూర్చున్నచోటే ఉండిపోయాడు.

"నేను చేసింది తప్పేనంటావా అమ్మాయ్?"

ఫోన్‌లో ఆ కంపెనీ అమ్మాయి నన్ను చెయ్యమన్నదీ, హాల్లో ఈయన చేసిందీ చూడటానికి ఒకటే పని. కానీ ఈయన చేసిన పని వల్లే నాకు చిన్నతనం అంతా అంత మంచి ఆట దొరికింది. నేను మంచం మీదకు దూకిన ప్రతిసారీ నాయిన పట్టుకున్నాడు. ఆ మాటే చెప్పాను. అంకుల్ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అరగంటకు నాయిన తిరిగొచ్చాడు, చేతిలో వేడి మిర్చి బజ్జీల పొట్లంతో. మెట్లెక్కిన ఆయాసంతో కూర్చుని, ముందుగా అంకుల్ చేతిలోనే ఒకటి పెట్టాడు.

"తిను. అబద్ధాలకోరు."

"కారం ఎక్కువేమోరా."

"గదే నీకు శిక్ష."

ఇద్దరూ తిన్నారు. అప్పుడు నాయిన నాతో చెప్పాడు, నేను అంతకుముందు ఎన్నడూ వినని సంగతి.

"కూలీ అన్న మాటల తప్పేం లేదు బిడ్డా. మా నాయన గా బిళ్ళ పొద్దుగాల చింతపండు పెట్టి తోముకొని పోతుండె, బంగారం లెక్క మెరవాలని. ఎవరన్న 'కూలీ' అని పిలిస్తె ఉరుకుతుండె. కాని రైలు దిగినోళ్ళు కొందరు 'ఏయ్ కూలోడా!' అంటుండ్రి. గట్ల పిలిస్తె మా నాయన ఇనవడనట్టు నిలబడుతుండె. నేను అన్నం డబ్బా ఇయ్యపోయినప్పుడు చూసిన. వాళ్ళు ఎంత ఒర్లినా కదలడు. మంచిగ పిలిచెదాంక కదలడు."

నేను వెంటనే బల్ల దగ్గరికి వెళ్ళాను. నా సమస్య అదే మరి. కూలీ అన్న మాట తెలుగులో తిట్టు కాదు, అది ఒక పని. అలాగే రాస్తే కెప్టెన్ ఎంత తక్కువచేసి మాట్లాడాడో చదివేవాళ్ళకు తెలియదు. "కూలోడా" అని రాసి చూశాను. కొంచెమే తేడా. కెప్టెన్ ముఖంలో ఉన్నదంతా కింద అక్షరాల్లోకి దిగింది.

సోమవారం కంపెనీ అమ్మాయికి ఫోన్ చేశాను. సహాయకుడు అని రాస్తే కెప్టెన్ మంచివాడైపోతాడనీ, అతను మంచివాడు కాడనీ, ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియాలనీ చెప్పాను. మా తాత సంగతి చెప్పాలనుకోలేదు గానీ చెప్పేశాను. ఆమె చాలాసేపు విని, "పైవాళ్ళను అడుగుతాను మేడమ్" అంది. పైవాళ్ళు పది రోజులు తీసుకున్నారు. చివరికి నది దగ్గరి మాట, ఇంకో రెండు మాటలు ఉంచడానికి ఒప్పుకున్నారు. దొంగలు అన్న చోట మాత్రం వద్దన్నారు, అక్కడ "వీళ్ళంతా ఇంతే" అని సరిపెట్టాను. పూర్తిగా గెలిచానని చెప్పుకోలేను. దానితో పాటు సినిమా ముందు ఒక వాక్యం వెయ్యాలన్నారు, అదీ నన్నే రాయమన్నారు.

ఆ ఒక్క వాక్యానికి మా ఇంట్లో పెద్ద సభ జరిగింది. అంకుల్ కాప్రా నుంచి కాగితం మీద రాసుకొచ్చాడు: "ఈ చిత్రంలోని కొన్ని సంభాషణలు తత్కాలీన దృక్పథాలకు ప్రతిబింబములు." నాయిన విని, "ఎవనికి సమజైతది? గప్పట్ల గట్ల మాట్లాడిండ్రు, తప్పే, అని రాయి" అన్నాడు. అంకుల్ "తప్పే" అన్నది కంపెనీ ఒప్పుకోదన్నాడు. నాయిన తప్పును తప్పు అనడానికి ఎవడి పర్మిషన్ కావాలన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. "ఈ సినిమాలో మనుషులను కించపరిచే మాటలు ఉన్నాయి. అప్పుడు అవి చెల్లాయి. అప్పుడూ అవి తప్పే" అని రాసి పంపాను. ఆఖరి ముక్క తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు.

సినిమా వచ్చిన రోజు నాయిన మళ్ళీ చూశాడు, ఎనిమిదోసారి. ఈసారి ఈల వెయ్యలేదు. నది దగ్గర, "మనిషి ఈత కొట్టి అవతల తేలిండంటవా?" అని అడిగాడు. తేలే ఉంటాడన్నాను. "ఉంటడు. కండ గట్టిదే" అని తలూపాడు.

తర్వాత ఆయనకు కొత్త అనుమానం పుట్టింది. అంకుల్‌తో కలిసి చూసిన సినిమాలు ఒకటా రెండా? కాగితం తీసుకుని గుర్తున్నంతవరకూ జాబితా రాశాడు. జలాంతర్గామి సినిమా, ఎడారి సినిమా, జైలు నుంచి సొరంగం తవ్వుకుని పారిపోయే సినిమా. అంకుల్‌ను ఫోన్‌లో నిలదీశాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"నిజం చెప్పు. ఎడారి సినిమాల డాక్టరమ్మ, హీరోకు చెల్లె అన్నవ్, చెల్లెనే గదా?"

అటు నుంచి దగ్గు వినబడింది.

"ఒరేయ్, మన ముందు వరసలో ఆ రోజు మా పాస్టరుగారి అబ్బాయి కూర్చున్నాడురా" అన్నాడు అంకుల్.

"చెల్లె కాదా!"

"కాదురా."

నాయిన నా వైపు చూసి రెండు చేతులూ ఎత్తేశాడు. ఇప్పుడు ప్రతి శనివారం అంకుల్ మా ఇంటికి రావాలని హుకుం. జాబితాలో ఉన్నవాటిలో దొరికినవన్నీ వెతికి పెట్టడం నా వంతు. సబ్‌టైటిల్స్ లేకపోతే నేను పక్కన కూర్చుని చెబుతాను. తిట్టు వస్తే తిట్టే చెబుతాను, ముద్దు వస్తే అంకుల్ దగ్గుతాడు. నిన్నటి శనివారం జలాంతర్గామి అయింది. అందులో అంకుల్ మార్చినవి నాలుగు దొరికాయి. నాయిన వాటిని జాబితా పక్కన పెన్సిల్‌తో రాసుకుని, సంతకం చెయ్యమని అంకుల్ ముందు పెట్టాడు. అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని, అక్షరదోషం ఒకటి దిద్ది, సంతకం చేశాడు.